పూరీ వంటశాల నుంచి మా ఇంటి వంటగదికి

బరంపురం నుంచి పూరీ దాదాపు 190 కిలోమీటర్లు. పగటి బండిలో వెడితే కాలక్షేపానికి లోటుండదు. రంభ దగ్గరనుంచి బాలుగావ్ దాకా కుడిచేతి వైపు చిలికా సరస్సు కనబడుతూ మరుగవుతూ తోడు వస్తుంది. ఎడమవైపు తూర్పు కనుమల కొండలు. ఖుర్దా రోడ్డులో బండి మారితే అక్కడినుంచి పూరీ 44 కిలోమీటర్లే.

ఈ దారి మనవాళ్ళకు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోనే ఉండేది. అంతకు ఎంతో ముందు, 12వ శతాబ్దంలో, జగన్నాథ ఆలయ నిర్మాణానికి పూనుకున్న అనంతవర్మ చోడగంగదేవుడి వంశం కళింగనగరం నుంచి పాలించింది. ఆ కళింగనగరమే నేటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగమని చరిత్రకారులు చెప్తారు. కాబట్టి పూరీకి వెళ్ళడమంటే మన ప్రాంతపు తెలుగువారికి పరాయి ఊరు వెళ్ళినట్టుండదు, పెద్దవాళ్ళింటికి వెళ్ళినట్టుంటుంది.

కిందటి సంక్రాంతి వెళ్ళిన వారానికి మా అమ్మను తీసుకుని నేనూ మా ఆవిడా పూరీ వెళ్ళాం. అమ్మకు 82 ఏళ్ళు. సింహద్వారం దాటాక ఉన్న 22 మెట్లూ నా చెయ్యి పట్టుకుని నిదానంగా ఎక్కింది. దర్శనం బాగా జరిగింది. అయితే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది దర్శనం గురించి కాదు, ఆ తరవాత మేము తిన్న భోజనం గురించీ, ఆ భోజనం వల్ల మా ఇంట్లో వచ్చిన మార్పు గురించీను.

ముందు మా ఇంటి సంగతి కాస్త చెప్పాలి. నేను బ్యాంకు ఉద్యోగిని, మా ఆవిడ స్కూలు టీచరు. ఉదయం తొమ్మిదింటికల్లా ఇద్దరం బయలుదేరిపోతాం. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. రెండేళ్ళ క్రితం దాకా మధ్యాహ్నం తనే పప్పు వేడి చేసుకుని, ఒక వేపుడో పచ్చడో కలుపుకుని తినేది. ఒకనాడు కిటికీలోంచి వచ్చిన గాలికి పొయ్యి ఆరిపోయి గ్యాసు ఇల్లంతా నిండింది. పక్కింటావిడ వాసన పసికట్టి పరుగెత్తుకొచ్చింది కాబట్టి గండం గడిచింది. ఆ రోజునుంచి అమ్మ గ్యాసు ముట్టుకోకూడదని ఇంట్లో కట్టడి పెట్టాం. పొద్దున్న ఎనిమిదింటికే వండి మూతలు పెట్టి వెళ్ళేవాళ్ళం. ఒంటిగంటకు అది చల్లారి, పప్పు గడ్డకట్టి ఉండేది. అమ్మ పల్లెత్తు మాట అనేది కాదు. కానీ సాయంత్రం వచ్చి చూస్తే గిన్నెలో అన్నం అన్నట్టే ఉండేది. అడిగితే, "ఆకలి లేదు బాబూ" అనేది. మనిషి చిక్కిపోయింది. "నన్ను ఇచ్ఛాపురంలో మీ మావయ్య ఇంట్లో దింపెయ్యండి, మీకు నా కాపలా తప్పుతుంది" అని ఒకటి రెండుసార్లు అన్నది కూడా. ఆ మాట ఏ కొడుక్కయినా కడుపులో దేవినట్టుంటుంది.

అటువంటి మనిషి పూరీలో ఆలయ ప్రాంగణానికి ఈశాన్యాన ఉన్న ఆనందబజారులో నేలమీద కూర్చుని, ఆకు వేసుకుని, కడుపునిండా తిన్నది. నేతి అన్నం, పప్పు, బెసర, ఖట్టా. బెసర అంటే మరేమీ కాదు, మన ఆవపెట్టిన కూరకు దగ్గర చుట్టం. ఖట్టా పుల్లటి పచ్చడిలాంటిది. మహాప్రసాదంలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. బంగాళదుంప, టమాటా వంటివి కూడా వాడరు. కారానికి మిరియాలు. అమ్మ రెండోసారి అడిగి పప్పు వేయించుకుంది. కుండలోంచి ఇంకా పొగలు వస్తున్నాయి. అప్పుడు అడిగింది, "పొద్దుననగా పొయ్యెక్కిన కుండ, ఇప్పటికీ ఇంత వేడిగా ఎలా ఉందిరా బాబూ?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతేనే నాకు నిదానపు వంట అంటే ఏమిటో తెలిసింది.

జగన్నాథుని వంటశాలను రోసఘర అంటారు. వంట చేసే సేవకులు సువారలు. అక్కడ వందలాది మట్టి పొయ్యిలమీద కట్టెలతోనే వంట. నీళ్ళు ప్రాంగణంలోనే ఉన్న గంగ, యమున అనే రెండు బావులవి. వండేదీ వడ్డించేదీ మట్టికుండల్లోనే. వాటిని కుడువాలంటారు. ఒకసారి వండిన కుండలో మళ్ళీ వండరు. కుమ్మరులు ఏడాది పొడుగునా కొత్తవి చేసి ఇస్తూనే ఉంటారు. పొయ్యిమీద కుండలను ఒకదానిమీద ఒకటి పేర్చి వండడం అక్కడి ప్రత్యేకత. కింది కుండలోంచి లేచిన ఆవిరి పై కుండను ఉడికిస్తుంది. అన్నిటికన్నా పైకుండే ముందు ఉడుకుతుందని భక్తుల నమ్మకం.

భక్తి మాట అలా ఉంచి వంట సంగతే ఆలోచించి చూశాను. మట్టికుండ వేడిని త్వరగా పుచ్చుకోదు, పుచ్చుకున్నదాన్ని త్వరగా వదలదు. మనం స్టీలు గిన్నెలో వండితే మంట ఉన్నచోట మాడుతుంది, దించిన అరగంటలో చల్లారుతుంది. కుండ అలా కాదు. వేడి నలువైపులా సమంగా పాకుతుంది. ఇక ఒకదానిమీద ఒకటి కుండలు పేర్చాక మధ్యకుండలో మాటిమాటికీ గరిటె పెట్టే వీలే ఉండదు. కాబట్టి ముక్క చెదరదు, పప్పు పప్పుగానే మెత్తబడుతుంది. మందంగా ఉండే పాత్ర, మూసిన మూత, సన్నని వేడి, చాలినంత సమయం. ఈ నాలుగూ ఉంటే వండే మనిషి పక్కన నిలబడనక్కరలేదు.

ఇది మన ఇళ్ళకు తెలియని విద్య కూడా కాదు. తిరుగు ప్రయాణంలో అమ్మే గుర్తు చేసింది. "మా అమ్మ ఇంట్లో దాలి ఉండేది కదరా. అదీ ఇంతే" అన్నది. దాలి అంటే ఏమిటో ఇతర రాష్ట్రాల్లో పుట్టి పెరిగిన మన పిల్లలకు చెప్పాలి. పెరట్లోనో వసారాలో ఒక మూలో చిన్న గొయ్యి తీసి, పిడకలు పేర్చి నిప్పు రాజేస్తారు. మంట ఉండదు, పిడక లోలోపల కాలుతూ ఉంటుంది. దానిమీద పాలకుండ పెట్టి మూత వేస్తే పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా కాగి, అంగుళం మందాన మీగడ కడతాయి. ఆ పాలు తోడుపెడితే వచ్చే పెరుగు రుచి తిన్నవాళ్ళకే తెలుసు. పొద్దున దాలిలో కుండ పెట్టి ఇల్లాలు పొలానికి వెళ్ళిపోయేది. పాలు పొంగుతాయన్న బెంగ లేదు, అడుగంటుతాయన్న భయం లేదు. యానాం వైపు మన సోదరులు వానకాలంలో గోదావరికి ఎదురీదే పులసను మట్టికుండలో సన్నని కట్టెల సెగమీద పులుసు పెట్టి, మర్నాడు తినడంలో ఉన్న కిటుకూ ఇదే. పుస్తెలమ్మయినా పులస తినాలన్న సామెత ఊరికే రాలేదు.

అయితే అద్దె ఇంటి రెండో అంతస్తులో దాలి ఎక్కడ తవ్వుతాం? ఈ మాటే పూణేలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయితో ఫోనులో అంటే అది నవ్వి, "నాన్నా, కరెంటు దాలి ఒకటి ఉంది, పంపిస్తాను" అన్నది. పదిరోజుల్లో ఒక పెట్టె వచ్చింది. అదే స్లో కుక్కర్.

దీని పుట్టుక కథ కూడా విన్నకొద్దీ ముచ్చటగా ఉంటుంది. దీనికి 1940లో అమెరికాలో పేటెంటు పొందినవాడు ఇర్వింగ్ నాక్సన్. లిథువేనియాలోని పాత యూదుల పల్లెలో జరిగే వంట గురించి వాళ్ళ అమ్మ చెప్పేదట. వాళ్ళకు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా నిప్పు రాజేయకూడదన్న నియమం ఉంది. అందుకని శుక్రవారం పొద్దు వాలకముందే చిక్కుడుగింజలు, మాంసం, దుంపలు కుండలో వేసి, ఊళ్ళో రొట్టెల బట్టీలో పెట్టి వచ్చేవారు. ఆరిపోతున్న బట్టీలో మిగిలిన వేడికి రాత్రంతా ఉడికిన ఆ వంటను చోలెంట్ అంటారు. ఆ బట్టీ వేడిని కరెంటుతో తెప్పించడమే నాక్సన్ చేసిన పని. 1970లో ఆయన సంస్థను రైవల్ అనే కంపెనీ కొని, మరుసటి ఏడాది క్రాక్‌పాట్ అన్న పేరుతో బజారులోకి తెచ్చింది. ఉద్యోగాలకు వెళ్ళే ఆడవాళ్ళ ఇళ్ళల్లో అది బాగా పాకింది. చూడండి, అమ్మ చెప్పిన మాటలోంచే అక్కడా ఈ వస్తువు పుట్టింది.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారికి పనికొచ్చే సంగతులు చెప్తాను.

స్లో కుక్కర్‌లో మూడు భాగాలు. బయట కరెంటు తీగె చుట్టిన డొల్ల, లోపల బరువైన పింగాణీ గిన్నె, పైన గాజుమూత. లో, హై, వార్మ్ అని మూడు మెట్లుంటాయి. చాలా రకాల్లో లో అయినా హై అయినా చివరకు చేరే వేడి ఇంచుమించు ఒకటే, చేరడానికి పట్టే సమయంలోనే తేడా. హై మీద 4 గంటల్లో అయ్యే పని లో మీద 7, 8 గంటలు పడుతుంది. వార్మ్ వండడానికి కాదు, వండినదాన్ని వేడిగా ఉంచడానికి మాత్రమే. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి మూడు, మూడున్నర లీటర్లది చాలు. గిన్నె సగానికి తక్కువ కాకుండా, మూడింట రెండు వంతులకు మించకుండా నింపాలి.

మొదటిరోజున దాల్మా వండడం మంచిది. ఒరిస్సాలో ఉంటూ దాల్మా రాదంటే ఎవరూ ఒప్పుకోరు కదా! ఒక గ్లాసు కందిపప్పు కడిగి గంటసేపు నానబెట్టాలి. చామదుంప, అరటికాయ, కంద వంటి గట్టి ముక్కలు గిన్నె అడుగున పరచాలి, ఎందుకంటే ఈ వంటలో దుంపలు ఆలస్యంగా ఉడుకుతాయి. వాటిమీద నానిన పప్పు, ఆ పైన గుమ్మడి, వంకాయ, ములక్కాడ. ముక్కలన్నీ కలిపి పప్పుకు రెట్టింపు ఉంటే సరిపోతుంది. కాస్త పసుపు, దంచిన అల్లం, ఉప్పు. నీళ్ళు మూడు గ్లాసులు, అవి మరిగినవై ఉండాలి. చన్నీళ్ళు పోస్తే గిన్నె వేడెక్కడానికే గంటలు పడుతుంది. వడ్డించే ముందు నేతిలో జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర, ఎండుమిర్చి పోపు పెట్టి, కొబ్బరికోరు, వేయించి దంచిన జీలకర్ర పొడి కలపాలి. మేము ఉదయమే పోపు వేయించి చిన్న గిన్నెలో మూతపెట్టి ఉంచుతాం. అమ్మ తినే ముందు కలుపుకుంటుంది.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి.

మూత తియ్యకూడదు. తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్ళీ రావడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇది ఫిక్స్‌డ్ డిపాజిట్. గడువుకు ముందే విప్పితే వడ్డీ పోతుంది.

నీళ్ళు తక్కువ పోయాలి. మామూలు గిన్నెలోలాగా ఆవిరి బయటికి పోదు గనక పోసినదంతా అలాగే ఉంటుంది.

చింతపండు పులుసు, టమాటా పప్పు మెత్తబడ్డాకే వెయ్యాలి. ముందే వేస్తే పులుపుకు పప్పు బిర్రబిగుసుకుంటుంది. పాలు, పెరుగు, కొబ్బరిపాలు చివరి అరగంటలో పొయ్యాలి, లేకపోతే విరుగుతాయి.

రాజ్మా విషయం మరీ ముఖ్యం. పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది. స్లో కుక్కర్ సన్నని వేడికి అది నశించకపోగా, అర్ధంతరంగా ఉడికితే ఇంకా ఎక్కువ కావచ్చు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మామూలు పొయ్యిమీద కనీసం 10 నిమిషాలు, అరగంటయితే మరీ మంచిది, కుతకుత ఉడికించాకే ఇందులో వెయ్యాలి.

మాంసాహారులు ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డను తిన్నగా వెయ్యకూడదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో ఆహారం ఎక్కువసేపు ఉంటే క్రిములు పెరుగుతాయి. అదే కారణంగా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే ఆ వంట చూడ్డానికి బాగున్నా పారవేయడమే క్షేమం. మిగిలినది వెడల్పు గిన్నెలోకి మార్చి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు పొయ్యిమీదే వేడి చెయ్యాలి, ఇందులో కాదు.

నేను కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి లెక్క చూడకుండా ఉండలేను. మా కుక్కర్ 160 వాట్లది. 7 గంటలు నడిస్తే 1.12 యూనిట్లు. మీ కరెంటు బిల్లు మీదున్న ధరతో గుణించుకుంటే రోజు ఖర్చు తేలిపోతుంది. నిజం చెప్పాలంటే పప్పు ఒక్కటే ఉడకాలంటే ప్రెషర్ కుక్కర్ దీనికంటే త్వరగా, తక్కువ ఖర్చుతో ఉడికిస్తుంది. స్లో కుక్కర్ డబ్బు పొదుపు చేసే వస్తువు కాదు. మనిషి కాపలాను పొదుపు చేసే వస్తువు. ఆ కాపలాకు మీ ఇంట్లో ఎంత ఖరీదు కడతారో దాన్నిబట్టి కొనాలో వద్దో తేల్చుకోవాలి.

పెట్టె విప్పిన రోజున అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "దీనికి మంట ఏదిరా?" అన్నది. మంట లేదనీ, గ్యాసు లేదనీ, ఆరిపోవడానికి ఏమీ లేదనీ చెప్పాను. "మంట లేకుండా ఉడికేది దాలే" అని తేల్చేసింది. ఆ రోజునుంచి మా ఇంట్లో దాని పేరు దాలే.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి ఇలా ఉంది. ఉదయం అయిదున్నరకు మరిగిన నీళ్ళు పోసి లో మీద పెడతాను. పన్నెండున్నరకు వంట అవుతుంది, దానంతటదే వార్మ్‌కు మారుతుంది. అన్నం తొమ్మిదింటికి వండి హాట్‌ప్యాక్‌లో పెడతాం. కుక్కర్‌ను అరుగు అంచున కాకుండా గోడవైపుకు జరిపి, తీగె కాళ్ళకు తగలకుండా కట్టాం. గిన్నె బరువైనదీ, కాలేదీ కాబట్టి అమ్మ దాన్ని ఎత్తదు. మూత తనకు ఎదురుగా కాకుండా అవతలివైపుకు వాల్చి తీసి, గరిటెతో వడ్డించుకుంటుంది. మొదటి వారం నేను బ్యాంకులో ఒంటిగంటకల్లా ఫోను చేసి ఎలా ఉందని అడిగేవాణ్ణి. నాలుగోరోజున, "తింటున్నప్పుడు ఫోను చెయ్యకురా, చల్లారిపోతుంది" అని కసురుకుంది. ఆ కసురు విని నాకెంత సంతోషమయిందో చెప్పలేను.

అన్నిటికన్నా పెద్ద మార్పు రాత్రిపూట కనబడుతుంది. భోజనాలయ్యాక అమ్మ కత్తిపీట ముందు వేసుకుని మర్నాటి ముక్కలు తరుగుతుంది. అడుగున ఏది వెయ్యాలి, పైన ఏది వెయ్యాలి అన్నది తనే చెప్తుంది. "అమ్మాయీ, రేపు కంద బచ్చలి పెడదాం, పులుపు చివర్లో నేను పోసుకుంటాలే" అని మా ఆవిడకు పురమాయిస్తుంది. పోయిన వారం పక్కింటావిడను మధ్యాహ్నం భోజనానికి పిలిచి, తనే వడ్డించిందట. నాకు సాయంత్రం వచ్చాక తెలిసింది. ఇచ్ఛాపురం మాట మళ్ళీ ఎత్తలేదు.

మన కుటుంబాల్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళు, పగలంతా పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇళ్ళు చాలా ఉన్నాయి. పెద్దవాళ్ళను పొయ్యి దగ్గరికి వెళ్ళవద్దంటాం, అది వాళ్ళ మేలుకే. కానీ వంటిల్లు నడిపిన చేతికి ఏ పనీ లేకుండా చేస్తే ఆకలి కూడా చచ్చిపోతుందని మా ఇంట్లో చూశాం. పూరీ వెళ్ళినప్పుడు ఆనందబజారులో ఒక కుడువా కొని, దాన్ని చేత్తో పట్టుకుని, దాని వేడి ఎంతసేపు నిలుస్తుందో చూడండి. మీ ఊళ్ళలో, మీ ఇళ్ళల్లో ఇటువంటి నిదానపు వంటలు ఇంకేమేమి ఉన్నాయో ఈ పత్రికకు రాసి పంపండి. మా అమ్మకు చదివి వినిపిస్తాను. వండడం ఆవిడ వంతు.